నరకంలో నిలబడిపోయినవాడు

మనసు చెదిరిన మనిషి ఒకడు వెలుతురు లేని లోకంలోకి అడుగుపెట్టి, పీడకలను మించిన దృశ్యాల మధ్య నడుచుకుంటూ పోయే కథలను ఇప్పుడు డార్క్ ఫాంటసీ అంటున్నారు. హైదరాబాదు సాహిత్య సభల్లో ఈ మాట వచ్చినప్పుడల్లా నాకు రెండు అభిప్రాయాలు వినిపిస్తాయి. ఇది మన నేలలో పుట్టినది కాదని, జపాను బొమ్మల పుస్తకాల నుంచీ అమెరికా సీరియళ్ల నుంచీ వచ్చిపడిన సరుకని, అసలే కుంగిన మనసును మరింత కుంగదీస్తుందని పెద్దవారు అంటారు. ఇందులో అర్థాలు వెతకనక్కరలేదని, భయపడటంలో ఉండే ఆనందం చాలునని చిన్నవారు అంటారు. ఈ రెండు మాటలనూ నేను ఒప్పుకోలేను. ఈ కథ మన దగ్గర చాలా పాతది. దాని బరువు అందులోని రాక్షసులను బట్టి ఉండదు. ఆ లోకానికీ ఆ మనిషికీ మధ్య ఉన్న బాకీ ఏమిటన్నదాన్ని బట్టి, ఆ దారిలో అతడు ఎవరి కోసం ఆగాడన్నదాన్ని బట్టి ఉంటుంది.

పాతది అన్నాను కనుక, నాకు తెలిసినవాటిలో అన్నిటికన్నా పాతదానితోనే మొదలుపెడతాను. యజ్ఞాలను వివరించే వేద గ్రంథం శతపథ బ్రాహ్మణం పదకొండో కాండలో భృగువు ప్రయాణం ఉంది. వరుణుడి కొడుకైన భృగువు విద్యలో తండ్రిని మించిపోయానని అనుకున్నాడు. అది గ్రహించిన తండ్రి, నాలుగు దిక్కులకూ వెళ్లి అక్కడ కనిపించినదంతా చూసి వచ్చి చెప్పమని పంపాడు. తూర్పున మనుషులే మనుషులను అవయవం తరువాత అవయవంగా నరికి, ‘ఇది నీకు, ఇది నాకు’ అని పంచుకుంటున్నారు. ఇదేమి ఘోరమని అడిగితే, ‘ఆ లోకంలో వీళ్లు మమ్మల్ని ఇలాగే చేశారు, ఇక్కడ మేము తిరిగి చేస్తున్నాము’ అన్నారు. దక్షిణాన కూడా అదే కోత. పడమట నోరు మెదపకుండా కూర్చున్నవాళ్లను, నోరు మెదపకుండా కూర్చున్నవాళ్లే తింటున్నారు. ఉత్తరాన గోలపెడుతున్నవాళ్లను, అలాగే గోలపెడుతూ తింటున్నారు. చివరకు ఇద్దరు స్త్రీల మధ్య దండం పట్టుకుని నిలబడిన పసుపు కళ్ల నల్లని పురుషుణ్ణి చూసి భృగువు హడలిపోయాడు, ఇంటికి వచ్చి కూలబడ్డాడు. పాఠం చదువుకోమని తండ్రి అంటే, చదవడానికి ఏముంది, ఏమీ లేదు అన్నాడు.

అప్పుడు తండ్రి విప్పి చెప్పాడు. తూర్పున కనిపించినవి చెట్లు, దక్షిణాన పశువులు, పడమట నోరులేని ఓషధులు, ఉత్తరాన హోరెత్తే నీళ్లు. ఆ నల్లని పురుషుడు క్రోధం. ఈ వివరణ యజ్ఞకర్మ కోసం చెప్పినదే, ఆ ఘోరం నుంచి తప్పించుకునే దారిగా అగ్నిహోత్రాన్నే అది చూపిస్తుంది. అయినా అందులోని ఊహ ఎంత నిర్దయగా ఉందో చూడండి. భృగువు చూసిన నాలుగు దిక్కుల భయమూ అతడి ఇంట్లో రోజూ వాడే కట్టెల నుంచి, పాల నుంచి, ధాన్యం నుంచి, కుండలో నీళ్ల నుంచి పుట్టింది. ఆ లోకంలో పరాయిది ఏమీ లేదు. చదువుకున్నానన్న గర్వంతో ఉన్నవాడికి తన రోజువారీ బతుకులోని హింసే రూపం కట్టుకుని ఎదురువచ్చింది. మంచి డార్క్ ఫాంటసీ చేయవలసిన మొదటి పని ఇదేనని నేను అనుకుంటాను.

రెండో పని ఇంతకన్నా కష్టం. అది ఏమిటో తెలుసుకోవడానికి మహాభారతం చివరిదాకా వెళ్లాలి. స్వర్గారోహణ పర్వాన్ని నేను మొదటిసారి తిక్కన తెలుగులో, సుల్తాన్ బజారులోని శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయంలో చదివాను. 1901లో మొదలైన ఆ గ్రంథాలయంలో కూర్చుంటే బయట కోఠీ రద్దీ అంతా లోపలికి వినిపిస్తూనే ఉంటుంది. భారతంలో తిక్కన రాసిన 15 పర్వాల్లో ఇది ఆఖరిది, పరిమాణంలో చాలా చిన్నది. యుద్ధపర్వాలను పదే పదే చెప్పుకునే మనం దీన్ని ఎందుకో తొందరగా దాటేస్తాం. బహుశా భక్తికీ ఉపదేశానికీ సులువుగా లొంగని భాగం కావడం వల్ల కావచ్చు.

ధర్మరాజు బొందితో స్వర్గానికి చేరాడు. అక్కడ అతడికి మొదట కనిపించినవాడు దుర్యోధనుడు, సకల వైభవంతో ఆసనం మీద ఉన్నాడు. తమ్ములు లేరు, ద్రౌపది లేదు, కర్ణుడు లేడు. వాళ్లు ఎక్కడుంటే అదే నాకు స్వర్గమని అతడు పట్టుబట్టగా, దేవతలు ఒక దూతను తోడిచ్చి పంపారు. ఆ తరువాత వచ్చే దారి వర్ణన ఈనాటి ఏ భయానక కథకూ తీసిపోదు. చిక్కటి చీకటి, కుళ్లు వాసన, మాంసమూ నెత్తురూ కలిసిన బురద, నాచులా పరుచుకున్న వెంట్రుకలు, ముసురుకునే ఈగలూ దోమలూ, ఇనుప ముక్కుల కాకులూ గద్దలూ, సూదిమొన నోళ్ల ప్రేతాలు, సలసల కాగే నీళ్ల నది, కత్తులే ఆకులుగా ఉన్న అడవి. కొంత దూరం పోయాక దూత ఆగి, నన్ను ఇంతవరకే తీసుకురమ్మన్నారు, అలసిపోతే వెనక్కి వెళదాం అన్నాడు. ధర్మరాజు వెనక్కి తిరిగాడు కూడా. కవి అతణ్ణి ధీరుడిగా నిలబెట్టడానికి తొందరపడలేదు. దుర్గంధానికి తల తిరిగి, దుఃఖంతో వెనుదిరిగిన మామూలు మనిషిగానే చూపించాడు.

అప్పుడు చీకట్లోంచి గొంతులు వినిపించాయి. నీ మీదుగా వచ్చే గాలి చల్లగా ఉంది, ఒక్క ముహూర్తకాలం ఆగు, నువ్వు ఉన్నంతసేపూ మాకు బాధ తెలియడం లేదు అని. ఎవరు మీరని అడిగితే, నేను కర్ణుణ్ణి, నేను భీముణ్ణి, నేను అర్జునుణ్ణి అంటూ ఒక్కొక్కరే చెప్పుకున్నారు. ధర్మరాజుకు ఆగ్రహం వచ్చింది. ఇది కలా, నాకు చిత్తభ్రమా అని తనను తాను ప్రశ్నించుకున్నాడు, దేవతలను నిందించాడు, ధర్మాన్నే నిందించాడు. ధర్ముడి కొడుకు ధర్మాన్ని నిందించే ఈ చోటు దగ్గర నేను ఎప్పుడు చదివినా ఆగిపోతాను. చివరకు దూతతో, నువ్వు ఎవరి దూతవో వాళ్ల దగ్గరికి వెళ్లు, నేను రాను, నేనిక్కడ ఉండటం వల్ల నావాళ్లకు ఊరట కలుగుతున్నది, ఇక్కడే ఉంటానని చెప్పు అన్నాడు.

ఒక ముహూర్తం గడిచింది. దేవతలు వచ్చారు, చీకటి పోయింది. ద్రోణుణ్ణి అశ్వత్థామ విషయంలో సగం నిజంతో మోసగించావు గనుక నీకు మోసంతోనే నరకం చూపించామని ఇంద్రుడు చెప్పాడు. యక్షప్రశ్నలు, కుక్క వెంట రావడం, ఇది, మొత్తం నిన్ను పరీక్షించడం మూడుసార్లని ధర్ముడు చెప్పాడు. ఈ వివరణలతో చాలామంది ఊపిరి పీల్చుకుంటారు, నేను పీల్చుకోలేను. కథ గొప్పతనం వివరణకు ముందే పూర్తయిపోయింది. అది మాయ అని ధర్మరాజుకు తెలియదు. ఆ చీకటికి ముగింపు ఉంటుందన్న భరోసా అతడికి ఎవరూ ఇవ్వలేదు. తాను చేసిన అపరాధానికి తగిన శిక్ష అనుభవిస్తున్నానన్న ఎరుక కూడా లేకుండా, కేవలం తన ఒంటి గాలి ఇతరులకు ఊరట ఇస్తున్నదన్న ఒక్క కారణంతో నరకంలో ఉండిపోవడానికి సిద్ధపడ్డాడు. అతడు కత్తి ఎత్తలేదు, దారి వెతకలేదు, ఎవరినీ విడిపించలేదు. నిలబడ్డాడు, అంతే. తిక్కన శిష్యుడు మారన తెలిగించిన మార్కండేయ పురాణంలోని విపశ్చిత్తు కథ కూడా ఇదే పోలికలో సాగుతుంది. అతడూ రాజే, చిన్న దోషానికి నరకానికి వెళ్లి, వెళ్లిపోవలసిన సమయం వచ్చినప్పుడు అక్కడివాళ్ల మొర విని కదలనన్నాడు. ఒకే ఊహ రెండుచోట్ల ఇంత బలంగా కనబడుతున్నదంటే, దాన్ని మన పూర్వులు ఒక కవి చమత్కారంగా వదిలేయలేదన్నమాట.

ఇటలీ కవి దాంతేతో పోల్చి చూస్తే ఈ తేడా ఇంకా స్పష్టమవుతుంది. ఆయన ‘డివైన్ కామెడీ’ కావ్యంలో కవే పాత్రగా చేసే నరకయాత్ర 1300లో జరుగుతుంది, అప్పటికి కవికి 35 ఏళ్లు. 1302లో ఆయన్ను సొంత ఊరు ఫ్లారెన్సు నుంచి వెళ్లగొట్టారు, 1321లో రవెన్నాలో చనిపోయే దాకా తిరిగి అక్కడ అడుగుపెట్టలేకపోయారు. ఆ గాయమంతా కావ్యంలో ఉంది. తొమ్మిది వలయాల నరకాన్ని అంత కచ్చితమైన కొలతలతో కట్టిన కవి మరొకరు లేరు. మొదట్లో దాంతే శిక్ష పడ్డవాళ్ల కథ విని జాలితో మూర్ఛపోతాడు. కిందికి దిగేకొద్దీ, దైవం విధించిన శిక్షకు జాలిపడటం తగదని దారి చూపుతూ వెంట ఉన్న ప్రాచీన రోమన్ కవి వర్జిల్ అతణ్ణి మందలిస్తాడు. అతడు చూస్తూ ముందుకు నడవాలి, ఆగకూడదు. ఆ కావ్యం మీద నాకు ఎంతో గౌరవం ఉన్నా, ఈ విషయంలో నా మొగ్గు ధర్మరాజు వైపే. నరకం న్యాయమైనదని ఒప్పుకున్న యాత్రికుడికి అక్కడ చేయడానికి ఏ పనీ మిగలదు.

మా నాన్నగారు పోయినప్పుడు నల్లకుంటలోని మా ఇంట్లో శాస్త్రిగారు గరుడ పురాణం చదివారు. మామూలు రోజుల్లో ఆ పుస్తకం ఇంట్లో ఉండకూడదంటారు. చావు జరిగిన ఇంట్లో మాత్రం పది రోజుల దుఃఖం మధ్య కూర్చోబెట్టి వినిపిస్తారు. యమపురికి 86,000 యోజనాలు, పోయిన ప్రాణి రోజుకు 247 యోజనాల చొప్పున నడవాలి, దారిలో 16 పట్టణాలు, నెత్తురూ చీమూ పారే వైతరణి. నీడనిచ్చే చెట్టు ఉండదు, తాగడానికి నీళ్లు ఉండవు. వింటున్న మా అక్క కొడుకు, కొండాపూర్‌లో ఒక గ్రాఫిక్స్ స్టూడియోలో పనిచేస్తాడు, సాయంత్రం నా పక్కన కూర్చుని, ‘మామయ్యా, ఇది అచ్చం మేము ఆడే ఆటల్లో మ్యాపులా ఉంది’ అన్నాడు. వాడి గొంతులో వెటకారం లేదు. వాడు చెప్పింది సరైన మాటేనని నాకు అనిపించింది.

ఆ పురాణంలో నాకు నచ్చనివి చాలా ఉన్నాయి. వర్ణాన్ని బట్టి పాపాల తూకం మార్చడం, ఏడుస్తున్న కుటుంబాన్ని దానాల జాబితాతో బెదిరించడం నేను ఎన్నటికీ సమర్థించను. అయినా ఆ ప్రయాణం నిర్మాణంలో ఒక గొప్ప ఆలోచన ఉంది. మొదటి పది రోజుల పిండాలతో ఆ ప్రాణికి నడవడానికి ఒక శరీరం ఏర్పడుతుంది. తరువాత ఆ పట్టణాల్లో ఆగిన ప్రతిచోటా, ఇక్కడ కొడుకులు నెలనెలా పెట్టే మాసికమే దానికి భోజనం. భూమి మీద ఉన్నవాళ్లు మరచిపోతే చీకట్లో ఉన్నవాడికి ఆకలే. నిజానికి ఈ కథ పోయినవాళ్ల కోసం అల్లినది కాదు. వినేవాళ్లను ఏడాది పొడుగునా ఒక దారికి కట్టిపడేయడానికి అల్లినది. ఆ ఏడాదిలో నేను నెలకొకసారి నాన్నగారి గురించి ఆలోచించకుండా ఉండలేకపోయాను, ఆ దారి నిజంగా ఉందని నమ్మకపోయినా.

ఇంత సంపద ఉండి కూడా ఆధునిక తెలుగు కల్పన ఈ చీకటిని దాదాపు వదిలేసుకుంది. మన సినిమా యముణ్ణి హాస్యపాత్రగా మార్చింది. 1977లో యమగోల నుంచి 1994లో యమలీల దాకా కైకాల సత్యనారాయణ గారు యముడిగా నవ్వించిన తీరు నాకూ ఇష్టమే. కానీ రెండు మూడు తరాలకు యమలోకం అంటే గదా, చిత్రగుప్తుడి చిట్టా, ఇంద్రసభలో పాట మాత్రమే అయిపోయాయి. మరోవైపు చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్లు, వాటికి చిత్రా గారి బొమ్మలు మాకు చిన్నప్పుడే పుర్రెలు ధరించిన మాంత్రికులనూ వింత మృగాలనూ పరిచయం చేశాయి. ఆ అడవుల్లో తిరిగిన యువకులు ధైర్యవంతులు, చురుకైనవారు, వారి మనసుల మీద ఏ బరువూ లేదు. పిల్లల కథకు అదే తగినది. పెద్దవాళ్ల కోసం, లోపల ఏదో విరిగినవాడు ఆ అడవిలోకి వెళ్లిన కథను మనం రాసుకోలేదు. నన్నయ నలోపాఖ్యానంలో నలుడు కార్చిచ్చులోకి వెళ్లి కర్కోటకుణ్ణి కాపాడి, ఆ పాము కాటుకే వికృతరూపుడు కావడం, ఆ విషం అతడిలో దాగిన కలిని లోపల కాల్చడం ఉన్నాయి. అంతటి ఊహ మనకు పాఠ్యపుస్తకంలో మిగిలిపోయింది.

మేనల్లుడు నాకు ఒక వీడియో ఆటను పరిచయం చేశాడు. 2001లో కొనామి సంస్థ విడుదల చేసిన సైలెంట్ హిల్ 2, 2024లో దాన్ని కొత్తగా మళ్లీ నిర్మించారు. మూడేళ్ల కిందట చనిపోయిన భార్య నుంచి ఉత్తరం అందుకున్న జేమ్స్ అనే మనిషి, ఆమె రమ్మన్న ఊరికి వెళతాడు. ఊరంతా పొగమంచు, వికృత ఆకారాలు. జబ్బుతో ఉన్న ఆమెను చంపింది తానేనన్న నిజం చాలా ఆలస్యంగా బయటపడుతుంది. ఆ ఊరు అందరికీ ఒకేలా కనబడదు. ఏంజెలా అనే స్త్రీ చుట్టూ మంటలు మండుతుంటాయి. తనకు ఎప్పుడూ ఇలాగే ఉంటుందని ఆమె అంటుంది. లారా అనే ఎనిమిదేళ్ల పిల్లకు రాక్షసులే కనబడరు, ఆ వీధుల్లో నిర్భయంగా తిరుగుతుంది. ఆటగాడు తన ఆరోగ్యాన్ని ఎంత పట్టించుకున్నాడు, ఏ వస్తువును మళ్లీ మళ్లీ చూశాడు అనేవాటిని ఆట గమనించి, ముగింపును దాన్ని బట్టి మారుస్తుంది. భృగువుకు తండ్రి చెప్పిన రహస్యం ఇక్కడ మరో దేశంలో, మరో పరికరంలో దొరకడం నన్ను కదిలించింది. ఆ ఊరికి జేమ్స్ బాకీ ఉన్నాడు, లారా బాకీ లేదు. భయానికి ఇంతకన్నా కచ్చితమైన లెక్క ఉండదు.

ఇక కుంగిన మనసుకు ఈ కథలు హాని చేస్తాయన్న అభ్యంతరం. దీన్ని నేను తేలికగా తీసుకోను, ఎందుకంటే ఇది ప్రేమతో చేసే హెచ్చరిక. నిద్ర పట్టక, తిండి సహించక, బతుకు మీద ఆశ సన్నగిల్లినవారికి కావలసింది వైద్యుడూ పక్కన మనిషీ. ఏ పుస్తకమూ ఆ స్థానాన్ని తీసుకోదు, తీసుకోకూడదు. అయితే నా మిత్రుడు ఒకరు, అన్నగారి చివరి రోజుల్లో జబ్బు సంగతి ఆయనకు పూర్తిగా చెప్పకుండా దాచవలసి వచ్చిన మనిషి, తరువాత చాలా కాలం ఇలాంటి కథలు మాత్రమే చదివారు. ఎందుకని అడిగితే, ‘వీటిలో ఎవరూ నన్ను తొందరగా ఓదార్చరు’ అన్నారు. అన్నగారి కోసమే చేశావు, మరచిపో, బయటికి రా అని ఇంటికి వచ్చిన ప్రతివారూ చెప్పేవారట. వాళ్లందరిదీ మంచి మనసే. కానీ ఆయనకు కావలసింది, ఆ చీకటి అక్కడ ఉందని ఒప్పుకునే తోడు. సగం నిజం చెప్పినందుకు నరకం చూసిన రాజు కథ వేల ఏళ్లుగా ఉందని నేను చెప్పినప్పుడు ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తరువాత ఆ పర్వం తెచ్చిపెట్టమని అడిగారు.

నా సమర్థన అన్నిటికీ వర్తించదు. ఈ ముద్రతో వస్తున్న కథల్లో చాలావాటిలో చీకటి కేవలం అలంకారం. మొదటి అధ్యాయంలోనే కథానాయకుడి భార్యనో చెల్లెలినో హింసించి చంపి, ఆ తరువాత వందల పేజీల నరుకుడుకు దాన్ని లైసెన్సుగా వాడుకునే పద్ధతి నాకు అసహ్యం. అక్కడ ఆ స్త్రీకి గొంతు ఉండదు. ఆమె బాధ అతడి కోపానికి ఇంధనం మాత్రమే. స్వర్గారోహణ పర్వంలో చీకట్లో ఉన్నవాళ్లు తమ పేర్లు తామే చెప్పుకుంటారు, వారిలో ద్రౌపది కూడా ఉంటుంది. బాధపడేవాడికి పేరూ మాటా ఇచ్చిన కథకూ ఇవ్వని కథకూ మధ్య ఉన్న తేడా శైలికి సంబంధించినది కాదు, నైతికమైనది. మేనల్లుడు కూడా ఒక మాట చెప్పాడు. వాళ్ల స్టూడియోకి వచ్చే పనుల్లో ఎప్పుడూ ఇంకా పెద్ద రాక్షసుడు కావాలనే అడుగుతారట, ఆ రాక్షసుడు ఎందుకు ఉన్నాడని ఎవరూ అడగరట.

వాడు ఇప్పుడు తన స్నేహితులతో కలిసి సొంతంగా ఒక ఆట రాసుకుంటున్నాడు. కథాకాలం 1908 సెప్టెంబరు 28, మూసీ ఉప్పొంగి ఈ నగరాన్ని ముంచెత్తిన రోజు. వేల మంది కొట్టుకుపోయిన ఆ వరదలో, ఈనాటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు నిలబెట్టుకున్నారు. ఆ చెట్టు నేటికీ అక్కడే ఉంది. వాడి కథానాయకుడు, కుటుంబాన్ని వదిలి ఒంటరిగా గట్టెక్కిన మనిషి, మునిగిన అఫ్జల్‌గంజ్ వీధుల్లో, నీళ్ల కింద వేరే లోకంగా మారిపోయిన నగరంలో తనవాళ్లను వెతుక్కుంటూ తిరుగుతాడు. నేను వాడిని కోరింది ఒక్కటే: చెట్టు మీదివాళ్లు పిలిచినప్పుడు ఆటగాడు ఆగగలగాలి, వాళ్లు ఒక్కొక్కరే పేర్లు చెప్పుకోవాలి, ఆగినంతసేపూ అతడి వెతుకులాట వెనకబడాలి. ఊరికే నిలబడి వినడం ఆట కాదని, రెండు నిమిషాలు దాటితే ఎవరైనా మూసేసి వెళ్లిపోతారని వాడి అభ్యంతరం. ముహూర్తం అంటే 48 నిమిషాలని నేను గుర్తుచేశాను. అంత సేపు కుదరదు మామయ్యా అంటూనే, ఆ గొంతులకు మాటలు రాసిపెట్టమని నన్నే అడిగాడు. ముందుగా, తన బిడ్డను పక్క కొమ్మ మీది అపరిచితుడి చేతికి అందించిన ఒక తల్లి మాటలు రాస్తున్నాను.